ఓడ కేవు ఎవరి చేతికియ్యవలెను?

యోనా ప్రవక్త తర్షీషునకు పారిపోదలచి, యొప్పే రేవునకు దిగి, అచ్చట నొక యోడను కనుగొని, తన కేవు తానే చెల్లించి యెక్కెనని మన విద్యార్థులందరును ఎరుగుదురు. పౌలు సంగతి వేరు. ఆయన ఖైదీ. మూర పట్టణపు రేవులో ఇటలీకి పోవు అలెక్సంద్రియ యోడ నొకదానిని చూచి ఆయనను అందులో నెక్కించినవాడు యూలి యను శతాధిపతి. ఒకరు ఓడవారియొద్ద నేరుగా చోటు కొనిరి. మరియొకరికి మధ్యనున్నవాడు చోటు కుదిర్చెను. తుఫాను మాత్రము ఇద్దరికిని తప్పలేదు. అయితే మంచిరేవులయొద్ద జరిగిన యొక సంగతి మాకు పలుమారు తలంపునకు వచ్చుచుండును. ఇక ముందుకు పోయిన నష్టము కలుగునని పౌలు హెచ్చరింపగా, శతాధిపతి ఆ మాటను పక్కకు పెట్టి, ఓడ నడుపువాని మాటకును ఓడ గలవాని మాటకును ఎక్కువ విలువ యిచ్చెను. మధ్యవర్తి ప్రయాణికుని పక్షమా, ఓడవారి పక్షమా అను ప్రశ్న నాటినుండి నేటివరకు అట్లే యున్నది.

దీనిని మేమిప్పుడు ఎత్తుకొనుటకు కారణము కలదు. ఇటీవలి సంవత్సరములలో మన సంఘములలోని పెద్దలు కొందరు ఉద్యోగము విరమించిన పిదప చేతికి వచ్చిన సొమ్ములో కొంత తీసి, పత్మాసు ద్వీపమును, ఎఫెసు శిథిలములను కన్నులార చూచి రావలెనని కోరుచున్నారు. ఏథెన్సు పట్టణమునకు రేవైన పిరయసునుండి బయలుదేరి, ఏజియను సముద్రములోని ద్వీపములను చుట్టి, తుర్కీ తీరమున కుషదాసీ రేవులో ఆగి, మూడు నాలుగు దినములకు తిరిగి వచ్చు విహారనౌకలు కలవు. ఎఫెసు కుషదాసీకి చేరువనే యున్నది. ఆ నౌకలలో కొన్ని పత్మాసునను ఆగును. బసయు, భోజనమును, ప్రయాణమును అన్నియు ఓడలోనే. ఇట్టి యాత్రకు క్రూయిజని పేరు. దీనికి టిక్కెట్టు ఓడ కంపెనీవారియొద్దనే నేరుగా కొనుట మేలా, ట్రావెల్ ఏజెంటుద్వారా కొనుట మేలా యని మమ్మును అడుగువారు ఎక్కువైరి. జీవితమంతయు కూడబెట్టిన సొమ్ముతో చేయు ప్రయాణము గనుక ఈ ప్రశ్నకు తేలికగా ఉత్తరమియ్యరాదని తోచి, మాకు తెలిసినంతవరకు ఇచ్చట వివరించుచున్నాము.

ముందుగా ఈ ఏజెంట్ల పుట్టుకనుగూర్చి కొంత చెప్పవలెను. థామస్ కుక్ అను పేరు వినని ప్రయాణికుడు అరుదు. ఆయన బాప్టిస్టు సంఘములో సువార్త ప్రకటించినవాడు, మద్యపాన నిషేధమునకై పాటుపడినవాడు. 1841వ సంవత్సరము జూలై 5వ తేదీన లెస్టరు పట్టణమునుండి లఫ్‌బరోలో జరుగు మద్యపాన నిషేధ సభకు సుమారు 500 మందిని, మనిషికి ఒక షిల్లింగు చొప్పున, ప్రత్యేకమైన రైలులో తీసికొనిపోయెను. అది మొదలు ఆయన పని ఖండములు దాటెను. 1886లో మన దేశమును ఏలుచున్న ఆంగ్ల ప్రభుత్వమువారు మక్కా యాత్రికులను జెడ్డా రేవునకు చేర్చు పనిని ఆ కంపెనీకే అప్పగించిరి. కల్లు దుకాణమునకు పోకుండ జనులను తప్పింపవలెనని మొదలైన పని, హజ్జు యాత్రికుల ఓడలవరకు పోయినదని తలంచినప్పుడు మాకు వింతగా నుండును.

విహారనౌకల చరిత్రలో ఇంకొక వింత గలదు. హాంబర్గు పట్టణమున ఆల్బర్టు బాలిన్ అను నతని తండ్రి, అమెరికాకు వలసపోవు బీదలకు ఓడలో చోట్లు కుదిర్చిపెట్టు ఏజెంటు. 1874లో తండ్రి చనిపోగా బాలిన్ చిన్నవయసులోనే ఆ పని చేపట్టెను. 1886లో హాంబర్గు అమెరికా లైన్ అను ఓడ కంపెనీలో ప్రయాణికుల శాఖకు అధికారియై, చలికాలమున అట్లాంటికు ప్రయాణములు తగ్గి పెద్ద ఓడలు రేవులో ఊరక పడియుండుట చూచి, 1891 జనవరి 22వ తేదీన ఆగస్టా విక్టోరియా యను ఓడను 241 మంది ప్రయాణికులతో మధ్యధరా సముద్రమునకు విహారార్థము పంపెను. నేటి విహారనౌకలకు అదియే మార్గము చూపినదని చెప్పుదురు. అనగా, ఏజెంటు బల్లయొద్ద కూర్చుండి పని నేర్చినవాడే ఓడ కంపెనీవాడై ఈ వ్యాపారమును కల్పించెను. ఏజెంటును ఓడవారును పరస్పరము పగవారని తలంచుట పొరపాటు.

మన తెలుగువారికి ఓడ టిక్కెట్టు మధ్యవర్తిద్వారా దొరకుట కొత్తగాదు. మన తాతల కాలమున కాకినాడ, విశాఖపట్టణము మొదలగు రేవులనుండి వేలకొలది కూలీలు రంగూనునకు పోయిరి. “రంగము పోయినాడు” అను మాట కోస్తా గ్రామములలో అట్లు పుట్టినదే. ఆ కూలివానికి కేవు పెట్టుకొను శక్తి లేదు. మేస్త్రీ వచ్చి, ఇంటికి కొంత అడ్వాన్సు ఇచ్చి, ఓడ కేవు తానే కట్టి, ఆ మొత్తమును రంగూనులో వాని కూలినుండి విరుగగోసెడివాడు. టిక్కెట్టు కూలివాని చేతిలో నుండినను, వాని రాకపోకలు మేస్త్రీ చేతిలో నుండెడివి. 1942లో జపానువారు రంగూనును పట్టుకొనుటతో ఆ రాకపోకలు తెగిపోయెను. నేటి ట్రావెల్ ఏజెంటును నాటి మేస్త్రీతో పోల్చుట అన్యాయము, మేము పోల్చుటలేదు. కాని సొమ్ము ఎవరి చేతులమీదుగా పోవునో వారి చేతనే ప్రయాణపు పగ్గముండునను మాట ఆనాటికిని ఈనాటికిని ఒక్కటే. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ముఖ్యముగా ఇదియే.

ఇక వెలనుగూర్చి. ఏజెంటు నడుమ నున్నందున కేవు పెరుగునని చాలమంది భయపడుదురు. సాధారణముగా పెరుగదు. ఏజెంటునకు ముట్టవలసిన కమీషను ఓడ కంపెనీవారే ఇచ్చెదరు. అది కేవులో నూటికి 10 మొదలు 16 వరకు ఉండుట వాడుక. రేవు సుంకములమీదను పన్నులమీదను కమీషను లేదు. నేరుగా కొన్నవానికి కంపెనీవారు ఆ కమీషనును తగ్గించి యిత్తురా యనగా, ఇయ్యరు. ఎడ్ల సంతలో దళారి లేకుండ కొన్నవాడు దళారి తరగు తనకు మిగులునని సంతోషించును గాని, ఓడ కంపెనీవారి లెక్క అట్టిది కాదు. ఆ మిగులు వారి పెట్టెలోనే పడును. పైగా, తమ ప్రకటించిన వెలకంటె తక్కువకు అమ్ముచున్నామని ఏజెంట్లు ప్రకటింపరాదని పెక్కు కంపెనీలు కట్టడి చేసియున్నవి. అందుచేత నిపుణుడైన ఏజెంటు వెల తగ్గింపక, వేరు విధముగా మేలు చేయును. కొన్ని గదులను ముందుగానే గుంపుగా పట్టియుంచి పాత వెలకిచ్చును. ఓడలో ఖర్చుపెట్టుకొనుటకు కొంత సొమ్ము జమ కట్టించును. కొందరు ఏజెంట్లు తమ శ్రమకు వేరుగా రుసుము తీసికొందురు. అది తప్పుగాదు, ముందుగా చెప్పకపోవుటయే తప్పు.

కావున వెలనుబట్టి ఈ ప్రశ్న తీరదు. నేరుగా కొనుటలోని లాభము మరియొకటి. ఓడలో గదిని మార్చుకొనవలెనన్నను, భోజనపు వేళను మార్చుకొనవలెనన్నను, వెల తగ్గినప్పుడు ఆ తగ్గింపును తమకు ఇమ్మని యడుగవలెనన్నను, నేరుగా కొన్నవాడు అర్ధరాత్రి యైనను కంపెనీవారి వెబ్‌సైటులోనో టెలిఫోనులోనో తానే చేసికొనగలడు. ఏజెంటుద్వారా కొన్నవాడు కంపెనీని పిలిచినయెడల, “మీ ఏజెంటుతో మాటలాడుడు” అని వారు మర్యాదగా పంపివేయుదురు. ఆ ఏజెంటు ఆదివారమున ఆరాధనకు పోయియున్నను, పెండ్లికి పొరుగూరు పోయియున్నను, అతడు వచ్చువరకు కాచుకొనవలసినదే. దీనికి మారుగా, ఓడ బయలుదేరు దినమున విమానము ఆలస్యమైనప్పుడు, లేక గదులలో పొరపాటు జరిగినప్పుడు, కంపెనీవారి టెలిఫోనులో గంటసేపు సంగీతము వినుటకంటె, మన భాషలో మాటలాడి మన తరఫున వాదించు మనిషి యొకడుండుట ఎంత నెమ్మదియో పెద్దవారికి తెలియును. మంచి ఏజెంటు పెద్ద కంపెనీకి ఏడాదికి వందలకొలది ప్రయాణికులను పంపువాడు గనుక, అతని మాట కంపెనీ వినును. ఒంటరివాని మాట అంతగా వినదు.

ఇప్పుడు సొమ్ము సంగతికి వచ్చెదము. ఏజెంటుద్వారా కొన్నవారిలో రెండు తెగలవారుందురు. ఒక తెగవారి కార్డు సంఖ్యను ఏజెంటు కంపెనీవారికి అందించును. సొమ్ము బ్యాంకునుండి తిన్నగా కంపెనీకే పోవును. బ్యాంకు కాగితముమీద కంపెనీ పేరే యుండును. రెండవ తెగవారు సొమ్మును ఏజెంటు ఖాతాలో వేయుదురు; కంపెనీకి ఎప్పుడు కట్టవలెనో, ఎంత కట్టవలెనో ఏజెంటే చూచుకొనును. పైకి రెండును ఒక్కటిగానే కనబడును. రెండు తెగలవారికిని రంగుల ముద్రలతో కాగితములు వచ్చును.

మాకు తెలిసిన ఒక ఉపాధ్యాయుడు రెండవ తెగలో పడెను. భార్యకును, తనకును, అత్తగారికిని, మామగారికిని నాలుగు చోట్లకు పూర్తి కేవును ఆరు మాసములకు ముందే ఒక ఏజెంటు ఖాతాలో వేసెను. ఏజెంటు కంపెనీకి బయానా మాత్రమే కట్టి మిగిలినది తన వ్యాపారములో వాడుకొనెను. విహారనౌకల కంపెనీలు బయలుదేరు దినమునకు సాధారణముగా 60 మొదలు 120 దినములు ముందుగా మిగిలిన సొమ్ము కోరును. ఆ గడువు దాటినయెడల గదులను రద్దు చేయును. అట్లే జరిగెను. మన పంతులుగారికి ఇది ప్రయాణమునకు మూడు వారముల ముందు తెలిసెను. అదియు ఏజెంటు చెప్పగా కాదు, హైదరాబాదులో పనిచేయుచున్న వారి తమ్ముడు, “అన్నయ్యా, కాగితముమీద కంపెనీవారి బుకింగు సంఖ్య యేది? ఆ సంఖ్య లేకుండ ఇది టిక్కెట్టు ఎట్లగును?” అని యడిగి, కంపెనీవారిని విచారింపగా తెలిసెను. ఏజెంటు రేపనియు ఎల్లుండనియు త్రిప్పి త్రిప్పి, ఏడాదిలో సగము సొమ్ము ఇచ్చెను. మిగిలిన సగమునకై పంతులుగారు ఇంకను తిరుగుచున్నారు. అత్తగారు మాత్రము ఆ సంగతి ఇంతవరకు ఎరుగరు. ఓడయే రద్దైనదని ఆమెతో చెప్పియున్నారు.

ఇది చిన్న ఊరి చిన్న ఏజెంటు కథ యని కొట్టివేయరాదు. 178 ఏండ్ల వయసుగల థామస్ కుక్ కంపెనీయే 2019 సెప్టెంబరు 23వ తేదీన ఇంగ్లండులో కూలిపోయెను. మన దేశమున ఆ పేరుతోనున్న కంపెనీ 2012నుండి వేరు యాజమాన్యము క్రిందిది గనుక అది కూలలేదు. ఆనాడు విదేశములలో చిక్కుకొనిన ఆంగ్లేయులు సుమారు 1,50,000 మంది. వారిని ఇంటికి చేర్చుటకు అచ్చటి ప్రభుత్వమువారు విమానములు పంపిరి. విమానముతో గూడిన ప్యాకేజీ కొన్నవారి సొమ్మునకు ఆ దేశపు చట్టము పూచీ ఏర్పరచియున్నది. మనము మన ఊరి ఏజెంటు ఖాతాలో వేసిన సొమ్మునకు అట్టి పూచీ యున్నదని తలంపరాదు.

అయిన నేరుగా ఓడ కంపెనీకే ఇచ్చిన సొమ్ము భద్రమా? ఇదియు పూర్తిగా చెప్పలేము. 2020లో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు లోకమంతట విహారనౌకలు రేవులలో నిలిచిపోయెను. మన దేశమున 2019లో కర్ణిక యను నౌకతో ఆరంభమైన జలేష్ క్రూయిజెస్ 2020 అక్టోబరులో మూతపడెను. 2022 జనవరిలో క్రిస్టల్ సింఫనీ యను గొప్ప నౌక మయామీ రేవునకు రావలసియుండగా, చమురు బాకీలకై ఓడను పట్టుకొమ్మని అమెరికా న్యాయస్థానము ఉత్తరువు చేసినందున, దారి మార్చుకొని బహామా ద్వీపములలోని బిమినీకి పోయెను. ప్రయాణికులను చిన్న నౌకలలో ఫ్లోరిడాకు చేర్చిరి. ఓడవారికి బాకీయున్నచో ఏజెంటేమి చేయగలడు, ప్రయాణికుడేమి చేయగలడు? అయినను సొమ్ము కార్డుమీద కంపెనీ పేరట కట్టియున్నయెడల, జరుగని ప్రయాణమునకు కట్టిన సొమ్మును తిరిగి యిప్పింపుమని తన బ్యాంకును అడుగుటకు ఒక దారి యుండును. ఏజెంటు చేతికి రొక్కముగా ఇచ్చినవానికి ఆ దారియు లేదు.

మా అభిప్రాయ మేమన, మన దేశములోనే సాగు చిన్న విహారమునకు, అనగా ముంబయినుండి గోవాకు పోవునట్టిదానికి, ఏజెంటు అక్కరలేదు. 2022లో విశాఖపట్టణమునుండి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి ఎంప్రెస్ అను నౌక నడచినది. 2023లో విశాఖ రేవులో విహారనౌకలకై ప్రత్యేకమైన టెర్మినల్ తెరచిరి. ఇట్టి ప్రయాణములకు పాస్‌పోర్టు చిక్కులు లేవు. భాష చిక్కు లేదు. కంపెనీవారియొద్ద నేరుగా కొనవచ్చును. విదేశయాత్రకు, ముఖ్యముగా మొదటిసారి పోవు పెద్దలకు, తెలిసిన ఏజెంటు ఉండుటయే మేలు. కాని కేవు మాత్రము ఓడ కంపెనీ పేరట కట్టవలెను. బుకింగు సంఖ్యను అడిగి పుచ్చుకొని, ఆ దినముననే కంపెనీవారి వెబ్‌సైటులో తమ పేళ్లు, గది, కట్టిన మొత్తము సరిచూచుకొనవలెను. పెద్దలకు ఆ పని రానియెడల మన తొమ్మిదవ తరగతి బాలుడు రెండు నిమిషములలో చేసిపెట్టును. “మా ఖాతాలోనే వేయుడు, అది మా పద్ధతి” అని ఏజెంటు పట్టుపట్టినయెడల, అతడు మోసగాడని మేము చెప్పము. పెద్ద ఏజెన్సీలలో అట్టి పద్ధతియు గలదు. అట్టివాడు కంపెనీకి కట్టినట్లు రసీదు చూపు దినమేదో కాగితముమీద వ్రాయించుకొని, అటుపిమ్మట ఇయ్యవలెను.

నేరుగా కొన్నవారికి కలుగు కష్టము ఇంకొకటి గలదు. దానిని చెప్పక విడుచుట న్యాయముగాదు. మా యెరుకలోని దంపతులిద్దరు, ఇరువురును ఉపాధ్యాయులుగా నుండి విరమించినవారు, ఏజెంటువలన మోసపోయినవారి కథలు విని భయపడిరి. అమెరికాలోనున్న వారి కుమారుడు పిరయసునుండి బయలుదేరు నాలుగు దినముల యాత్రకు కంపెనీవారి వెబ్‌సైటులోనే కేవు కట్టెను. కంపెనీ మంచిది, సొమ్ము భద్రముగా చేరెను, గది మంచిది దొరకెను. వీసాలను దంపతులు తామే తెప్పించుకొనిరి. గ్రీసు మొదలగు దేశములకు కలిపి యిచ్చు షెంగెన్ వీసాలో ఒక్కసారి ప్రవేశించుటకు చెల్లునదియు, పలుమారులు ప్రవేశించుటకు చెల్లునదియు అని భేదమున్నది. ఓడ గ్రీసునుండి తుర్కీకి పోయి మరల గ్రీసునకు వచ్చునప్పుడు, అది రెండవ ప్రవేశము క్రింద లెక్కకు వచ్చును. ఇది యెవరును వారికి చెప్పలేదు. వీసా సంగతి ప్రయాణికుడే చూచుకొనవలెనని కంపెనీవారి షరతులలో వ్రాసియున్నది. ఆ షరతులను ఎవరు చదువుదురు? రేవులో గుమాస్తా వారి పాస్‌పోర్టులను తిరుగవేసి చూచి, ఒక్క ప్రవేశమే యున్నదని చెప్పి, ఓడ యెక్కనీయలేదు. కేవు తిరిగి రాలేదు. పిరయసు ఓడల సంగతి తెలిసిన ఏజెంటు ఈ మాటను మొదటి దినముననే అడిగియుండును.

అమ్మగారు రేవులో పెట్టెమీద కూర్చుండి చాలసేపు ఏడ్చిరట. అయ్యగారు అటునిటు తిరిగి విచారింపగా, పత్మాసు గ్రీసు దేశములోనిదే గనుక అచ్చటికి పోవుటకు రెండవ ప్రవేశ మక్కరలేదనియు, ఆ రేవునుండియే ద్వీపవాసులు ఎక్కు సాధారణమైన ఫెర్రీ నౌక పోవుననియు తెలిసెను. రేవు ప్రక్కనున్న టిక్కెట్టు బల్లయొద్ద యూరోలు లెక్కపెట్టి ఇచ్చి, ఆయనయే రెండు చోట్లు కొనెను. రాత్రివేళ చాలసేపు ప్రయాణము చేసి పత్మాసులో దిగి, మరునాడు కొండమీద యోహాను ప్రకటనను చూచినట్లు చెప్పు గుహను ఇద్దరును చూచిరి. ఎఫెసు మాత్రము చూడలేదు. ఈసారి పలుమారులు ప్రవేశించు వీసా తీసికొని పోయెదమని అమ్మగారు మాతో అనిరి. కేవునకు కావలసిన సొమ్ము ఇంకను కూడలేదని అయ్యగారు అనిరి.